కిల్లారి తర్వాత మనం ఏం కట్టుకున్నాం?

2024 మార్చి 21 ఉదయం ఆరు దాటిన కాసేపటికి మహారాష్ట్ర హింగోలి జిల్లాలో భూమి కదిలింది. రిక్టర్ స్కేలుపై 4.5. పది నిమిషాలు గడిచాక మళ్లీ 3.6. నాందేడ్‌లో జనం ఇళ్లు వదిలి రోడ్ల మీదికి వచ్చారు. అదే ఏడాది జూలై 10న మళ్లీ హింగోలిలోనే, మళ్లీ 4.5. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు ఉండే మన తెలుగు ఇళ్లకు నిజామాబాద్, బోధన్ నుంచి ఫోన్లు వస్తాయి. “అక్కా, మీ దిక్కు గట్టిగ కదిలిందట గదా, పిల్లలు మంచిగున్నరా?” ఆ తర్వాత రెండు రోజులు వాట్సాప్‌లో రెండు మాటలు తిరుగుతాయి. ఒకటి, ఇవి పెద్దదానికి ముందు వచ్చే సూచనలని. రెండోది, చిన్నవి వస్తుంటే మంచిదే, లోపలి ఒత్తిడి కొద్దికొద్దిగా పోతుందని. మొదటి మాట టెన్షన్ పెడుతుంది, రెండోది నిద్రపుచ్చుతుంది. రెండింటినీ నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోలేం.

ముందు ఆ రెండో మాట సంగతి చూద్దాం. రిక్టర్ అంకె ఒకటి పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 1993లో లాతూర్ జిల్లాలోని కిల్లారిని నేలమట్టం చేసిన భూకంపం 6.2. 4.5తో పోలిస్తే అందులో ఉన్న శక్తి 350 రెట్లకు పైనే. అంటే హింగోలిలో వచ్చినలాంటివి మూడు వందల యాభై వస్తే తప్ప ఒక కిల్లారికి సరిపడా ఒత్తిడి తగ్గదు. మొదటి మాటకు కూడా ఇంతే బలం ఉంది. 2006 తర్వాత కొన్నేళ్లపాటు నాందేడ్ నగరం కిందనే చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. భూమిలోంచి శబ్దాలు వినపడి జనం రాత్రుళ్లు బయట పడుకున్నారు. పెద్దది రాలేదు. కిల్లారిలో మాత్రం వచ్చింది. అక్కడ 1992 అక్టోబరు ప్రాంతంలో ప్రకంపనలు మొదలయ్యాయి. ఊరివాళ్లు భయపడి తమను వేరే చోటికి మార్చమని అడిగారు కూడా. కొన్ని నెలలకు కదలికలు సద్దుమణిగాయి, దాంతో ఆ అడగడమూ సద్దుమణిగింది. ప్రకంపనలు వస్తున్నాయన్న ఒక్క సంగతిని బట్టి పెద్దది వస్తుందని గానీ రాదని గానీ ఇప్పటివరకు ఎవరూ చెప్పలేరు. ఫలానా తేదీన వస్తుందని చెప్పే మెసేజ్ ఏదైనా అబద్ధమే.

1993 సెప్టెంబరు 29 అనంత చతుర్దశి. వినాయకుణ్ణి నిమజ్జనం చేసి వచ్చి, అలసిపోయి, లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల పల్లెలు పడుకున్నాయి. మర్నాడు తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు భూమి కదిలింది. ఔసా, నిలంగా, ఉమర్గా తాలూకాల్లో ఊళ్లకు ఊళ్లే రాళ్ల గుట్టలయ్యాయి. చనిపోయినవాళ్లు, ఎవరి లెక్క చూశామన్నదాన్ని బట్టి, దాదాపు 8,000 నుంచి 10,000 మంది. మా దెగ్లూర్ అక్కడికి నేరుగా కొలిస్తే సుమారు 120 కిలోమీటర్లు. హైదరాబాద్‌లోనూ ఆ కదలిక తెలిసింది.

ఈ లెక్క పక్కన ఇంకో లెక్క పెట్టి చూడాలి. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌ను తాకిన భూకంపం కూడా 6.2. అది దాదాపు నగరం కిందనే, చాలా తక్కువ లోతులో, పట్టపగలు జనం ఆఫీసుల్లో ఉన్న వేళ వచ్చింది. చనిపోయినవాళ్లు 185 మంది. వాళ్లలో 115 మంది ఒకే ఒక్క ఆరంతస్తుల భవనంలో పోయారు. దాని డిజైన్‌లోనే లోపాలున్నట్టు తర్వాతి విచారణలో తేలింది. ఇక్కడ రాత్రి, అక్కడ పగలు అన్న తేడా ఉంది, నిజమే. కానీ ఒకే అంకె ఉన్న రెండు భూకంపాల మధ్య ఇన్ని వేల ప్రాణాల తేడాను గడియారం ఒక్కటే తేలేదు. ఆ తేడా గోడల్లో ఉంది, కప్పుల్లో ఉంది.

ఇక జోన్ సంగతి. ఇల్లు కట్టేటప్పుడు ఎవరైనా భూకంపం మాట ఎత్తితే మొదట వచ్చే జవాబు, “మనది సేఫ్ జోన్” అని. దేశాన్ని ప్రమాదాన్ని బట్టి జోన్లుగా పంచే భూకంప మ్యాపును భారతీయ ప్రమాణాల సంస్థ మొదటిసారి చేసింది 1962లో. దక్కన్ అంటే కదలని గట్టి నేల అన్నదే అప్పట్లో అందరి నమ్మకం. 1967 డిసెంబరు 11న మహారాష్ట్ర పడమటి కొండల్లో కొయ్నా దగ్గర 6.3 భూకంపం వచ్చి 170 మందికి పైగా చనిపోయారు. 1970లో మ్యాపు మార్చారు. 1993 నాటికి కిల్లారి ఉన్నది మొదటి జోన్‌లో, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రమాదమని రాసి ఉన్న చోట. అదే చోట అంతమంది పోయారు. 2002లో మళ్లీ మ్యాపు మార్చి మొదటి జోన్‌నే ఎత్తేశారు, లాతూర్ ప్రాంతాన్ని మూడో జోన్‌లోకి తెచ్చారు. ఈ క్రమాన్ని జాగ్రత్తగా చూస్తే ఒక విషయం కనిపిస్తుంది: మన ప్రాంతంలో మ్యాపు భూకంపం వెనకే వచ్చింది. ముందు ఎప్పుడూ రాలేదు.

ఇది శాస్త్రవేత్తల నిర్లక్ష్యమని నేను అనను. దక్కన్ నేల తీరే అలాంటిది. హిమాలయాల దగ్గర భారత ఫలకం ఆసియాను నెట్టుతోంది. ఏటా కొన్ని సెంటీమీటర్ల కదలిక ఉంటుంది, అందుకే అక్కడ భూకంపాలు తరచూ వస్తాయి, పగుళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఆ నెట్టుడు ఒత్తిడి ఇక్కడిదాకా పాకుతుంది గానీ చాలా నెమ్మదిగా కూడుతుంది. ఒక పగులు ఒకసారి కదిలాక మళ్లీ కదలడానికి వేల ఏళ్లు పట్టవచ్చు. అంత కాలం ఎవరి జ్ఞాపకంలోనూ, ఏ శాసనంలోనూ ఉండదు. పైగా ఆ పాత పగుళ్లు కంటికి కనిపించవు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గట్టిపడి నల్లరాయి పొరలుగా ఈ నేలనంతా కప్పేసింది. కిల్లారిలో తర్వాత బోరు వేసి చూస్తే ఆ నల్లరాయి మందమే 338 మీటర్లు. దాని కింద అంతకన్నా ఎంతో పాత రాయి. పగులు ఉన్నది ఆ పాత రాతిలో. పైన జొన్న చేను, పైన ఊరు, అంతా మామూలుగానే ఉంటుంది.

గోదావరి వెంట ఉన్న మనవాళ్ల కథ కొంచెం వేరు. చంద్రపూర్ నుంచి సిరొంచ మీదుగా భద్రాచలం దాటి సాగే లోయ అతి ప్రాచీన కాలంలో రెండు పెద్ద రాతి దిమ్మల మధ్య నేల కుంగి ఏర్పడినది. బల్లార్‌పూర్‌లోనూ, సింగరేణిలోనూ బొగ్గు దొరుకుతున్నది అందుకే. ఆ కుంగిన నేల అంచుల్లో పగుళ్లున్నాయి, అవి ఇప్పటికీ అప్పుడప్పుడు కదులుతాయి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లాలో 5.3. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో కూడా ఇళ్లు ఊగాయి. అది దాదాపు 40 కిలోమీటర్ల లోతులో పుట్టింది కాబట్టి దూరదూరాల వరకు తెలిసినా పెద్ద నష్టం జరగలేదు. అదే అంకె పది కిలోమీటర్ల లోపు లోతులో, ఒక పట్టణం కింద వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేది. 1960లో మొరాకోలోని అగాదిర్ నగరాన్ని కూల్చిన భూకంపం 6 కూడా లేదు. అది ఊరి కిందనే పుట్టింది. సెకన్లలో 12,000 మందికి పైగా పోయారు.

కిల్లారి ఇళ్లు ఎందుకు అలా కూలాయో తెలుసుకోవడం మనకు చాలా అవసరం, ఎందుకంటే అవి మన ఇళ్లే. బిలోలిలో, దెగ్లూర్‌లో, అటు మద్నూర్ వైపు కూడా పాత ఇల్లంటే రాతి గోడ, మట్టి మిద్దె. మరాఠీలో ఆ మిద్దెను మాళవద్ అంటారు. గోడ మందం రెండడుగుల నుంచి మూడడుగుల పైదాకా. చూడటానికి కోటగోడలా ఉంటుంది. నిజానికి అది ఒక గోడ కాదు, రెండు. బయటి వరుస ఒకటి, లోపలి వరుస ఒకటి, మధ్యలో చిన్న రాళ్లు, మట్టి నింపుడు. రెండు వరుసలనూ కలుపుతూ ఈ పక్క నుంచి ఆ పక్కకు తగిలే పొడవాటి రాయి అక్కడక్కడ పెట్టాలన్నది పాత పద్ధతి. పెద్ద రాయి చెక్కించడం ఖర్చు కాబట్టి రానురాను మానేశారు. రాళ్లు కూడా గుండ్రాళ్లు, మధ్యలో పట్టు మట్టిదే. ఊపు రాగానే బయటి వరుస బయటికి, లోపలి వరుస లోపలికి విచ్చుకున్నాయి. పైన ఎండను ఆపడానికి దూలాలు, దంతెల మీద ఏటేటా పోసిన మట్టి అడుగు, రెండడుగుల మందాన ఉంది. వాన కారిన ప్రతిసారీ ఇంకాస్త పోశారు. ఆ బరువంతా నిద్రపోతున్నవాళ్ల మీద పడింది. చాలామంది గాయాలతో కాదు, మట్టిలో ఊపిరాడక పోయారు.

అదే ఊళ్లలో పేదల గడ్డి గుడిసెలు నిలబడ్డాయి. కొన్ని ఇళ్లలో గోడలు పడిపోయినా కప్పు పడలేదు, ఎందుకంటే ఆ దూలాల బరువు గోడల మీద కాకుండా చెక్క స్తంభాల మీద ఉంది. ఇక్కడే మనం ఆగి చూడాలి. రాయి చెడ్డది, సిమెంటు మంచిది అన్న పాఠం ఇందులో లేదు. కప్పు బరువు తక్కువగా ఉండాలి, గోడలు ఒకదానితో ఒకటి కట్టుబడి ఉండాలి, మూలలు విడిపోకూడదు. ఇంతే ఉంది. కానీ జనం నేర్చుకున్నది మొదటి పాఠాన్నే. అందులో వాళ్ల తప్పేమీ లేదు. సొంతవాళ్లను రాళ్ల కింద నుంచి తీసుకున్నవాళ్లు మళ్లీ రాతి గోడ పక్కన పడుకోలేరు. ప్రభుత్వం 52 గ్రామాలను కొత్త స్థలాల్లో కట్టించింది. వాటితోపాటు ప్రపంచ బ్యాంకు సాయంతో పాత ఇళ్లను బలపరిచే పని కూడా నడిచింది. గోడకు అక్కడక్కడ ఈ పక్క నుంచి ఆ పక్కకు రంధ్రం చేసి, వంపు తిప్పిన ఇనుప చువ్వ పెట్టి, కాంక్రీటు నింపితే రెండు వరుసలూ ఒకటవుతాయి. మిద్దె మీద మట్టి తగ్గిస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. కొత్త ఇంటి ఖర్చులో ఇది చాలా చిన్న భాగం. అయినా జనం మనసు మాత్రం పిల్లర్ల ఇంటి మీదికే పోయింది. ఇప్పటికీ మన తాలూకాల్లో మట్టి మిద్దెలు బోలెడు. వాటిలో ఎక్కువగా ఉంటున్నది ముసలివాళ్లు, అద్దెకున్నవాళ్లు.

కిల్లారి నాటికీ ఇప్పటికీ నాందేడ్ పోలికే మారిపోయింది. బయట నల్లరేగడి చేలల్లో లేఅవుట్లు, నాలుగైదు అంతస్తులు, కింద పార్కింగ్. చుట్టుపక్కల తాలూకా కేంద్రాల్లోనూ ఇదే. మనం రాతి ఇంటి ప్రమాదాన్ని వదిలి సురక్షితమైన చోటికి వచ్చామనుకుంటున్నాం. నా ఉద్దేశంలో పాత తప్పునే కొత్త సామానుతో చేస్తున్నాం. కిల్లారి గోడలో లేనిది కలిపి పట్టే కట్టు. ఇవాళ్టి పిల్లర్లో తరచూ లేనిది కూడా అదే.

పిల్లర్లో నిలువు చువ్వల చుట్టూ వేసే రింగులు చూడండి. ఇంటి యజమాని నిలువు చువ్వలు ఎంత లావో, ఎన్నో లెక్కపెడతాడు. రింగుల గురించి అడగడు. మామూలు రోజుల్లో బరువంతా నిలువుగా దిగుతుంది, రింగులకు పెద్దగా పని ఉండదు. భూమి పక్కకు ఊపినప్పుడు పిల్లర్ పైనా కిందా, బీముతో కలిసే చోట, లోపలి కాంక్రీటు పగిలి బయటికి తోసుకొస్తుంది. బండి చక్రానికి ఇనుప పట్టా వేయకపోతే చెక్కలు ఎలా విడిపోతాయో, రింగులు వదులైతే పిల్లర్ కూడా అలాగే విడిపోతుంది. అందుకే పిల్లర్ పైనా కిందా కనీసం ఒకటిన్నర అడుగు మేర రింగుకూ రింగుకూ మధ్య నాలుగు అంగుళాలు మించకూడదని ప్రమాణం. రింగు చివరలు లంబంగా వంచి వదిలేయకూడదు, ఇంకా లోపలికి, పిల్లర్ కడుపులోకి తిప్పాలి. లేకపోతే మొదటి ఊపుకే రింగు తెరుచుకుంటుంది. ఈ నియమాలన్నీ ఉన్న ప్రమాణం పేరు ఐఎస్ 13920. అది వెలువడింది సరిగ్గా 1993లోనే. దాని 2016 సవరణ ప్రకారం పిల్లర్ ఏ వైపూ 300 మిల్లీమీటర్లు, అంటే అడుగు కంటే తక్కువ ఉండకూడదు. మనవైపు గోడలో కలిసిపోవాలని 9 అంగుళాల పిల్లర్ వేయడం మామూలు. బీమూ పిల్లరూ కలిసే చోట రింగులు దూర్చడం కష్టమని చాలా చోట్ల అసలే వేయరు. కట్టే మేస్త్రిని ఇందుకు తిట్టి లాభం లేదు. ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ వచ్చి చూడలేదు, అడిగినవాళ్లు లేరు.

మరాఠ్వాడాకు ఇంకో కష్టం ఉంది, దాన్ని భూకంపంతో కలిపి ఎవరూ మాట్లాడరు. కాంక్రీటుకు కనీసం ఏడు రోజులు, బూడిద వంటివి కలిపిన సిమెంటు అయితే పది రోజులు నీళ్లు పట్టాలి. 2016లో లాతూర్‌కు తాగునీళ్లు రైల్లో తెచ్చిన ప్రాంతం మనది. వేసవిలో ట్యాంకర్ నీళ్లు కొనుక్కుంటున్న ఇంట్లో స్లాబు మీద మడి కట్టి నీళ్లు నిలపడమంటే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లర్లకు గోనె చుట్టి తడపడం రెండో రోజుకే ఆగిపోతుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది, ఆ లోటు ఎన్నేళ్లయినా బయటపడదు. నీటి ఎద్దడి ఏడాదిలో ఇల్లు మొదలుపెట్టకుండా ఆగగలిగితే అదే మంచి పని.

ఇక పార్కింగ్. పై అంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇటుక గోడలుంటాయి, అవి ఊపును కొంత ఆపుతాయి. కింద గోడలు లేవు. దాంతో ఊగే పని అంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు అహ్మదాబాద్ దాని కేంద్రానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా అక్కడ డజన్ల కొద్దీ అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద పార్కింగే. కొన్నింటి మీద అనుమతి లేని అంతస్తులు, నీళ్ల ట్యాంకులు. మెత్తటి నేల ఊపును ఇంకా పెంచుతుంది. గోదావరి ఒడ్డున ఒండ్రు మీద, నల్లరేగడి మీద కట్టిన కాలనీలకు ఈ మాట వర్తిస్తుంది. నల్లరేగడి ఎండకు కుంచించుకుని, వానకు ఉబ్బి, గోడలను ముందే చీల్చి పెడుతుంది. ఆ చీలికలకు సున్నం పూసి మరిచిపోతాం.

ప్రమాణాలు రాసి ఉన్నంత మాత్రాన అవి చట్టం కావు. మున్సిపాలిటీ తన అనుమతి నిబంధనల్లో చేర్చుకుని, కట్టేటప్పుడు వచ్చి చూస్తేనే వాటికి ప్రాణం. మనవైపు ప్లాన్ మీద ఇంజనీరు సంతకం ఉంటుంది. సంతకం పెట్టిన ఇంజనీరు కాంక్రీటు పోసే రోజున సైటులో ఉండడం మాత్రం అరుదు. గ్రామపంచాయతీ పరిధిలో ఆ సంతకం కూడా చాలా చోట్ల ఉండదు. ఊళ్లు పెరిగి పట్టణాలయ్యేది సరిగ్గా అక్కడే.

సాయం ఎంత దూరం నుంచి రావాలో కూడా లెక్క వేసుకోవాలి. జాతీయ విపత్తు స్పందన దళం బెటాలియన్ మహారాష్ట్రలో ఉన్నది పుణె దగ్గర. అక్కడి నుంచి నాందేడ్‌కు రోడ్డు మీద 400 కిలోమీటర్లకు పైనే. వాళ్లు చేరేలోగా శిథిలాల కింద ఉన్నవాళ్లను తీసేది పక్కింటివాళ్లే, ఏ భూకంపంలో చూసినా ఇదే జరిగింది. ఫోన్లో ముందే హెచ్చరిక వస్తుందన్న ధైర్యం కూడా మనకు పెద్దగా పనికిరాదు. నష్టం చేసే అలలు సెకనుకు దాదాపు మూడున్నర కిలోమీటర్లు పోతాయి. యాభై కిలోమీటర్ల దూరంలో పుడితే మన దగ్గరికి చేరడానికి పద్నాలుగు సెకన్లు. కదలికను పట్టి, లెక్క కట్టి, ఫోన్‌కు పంపే సమయం అందులోంచి తీసేస్తే మిగిలేది కొన్ని సెకన్లే. ఊరి కిందనే పుడితే అదీ ఉండదు.

కాబట్టి చేయాల్సింది కట్టేటప్పుడే చేయాలి. ఇటుక గోడల మీద ఇల్లు కడుతున్నవాళ్లు లింటెల్‌ను తలుపులు, కిటికీల పైన ముక్కలుగా కాకుండా ఇల్లంతా చుట్టి వచ్చేలా ఒకే బెల్టుగా పోయించాలి. మూలల్లో పునాది నుంచి కప్పు దాకా నిలువు చువ్వ పెట్టించాలి. పిల్లర్ల ఇల్లయితే కాంక్రీటు పోసే బాక్సు బిగించే ముందు రింగులను ఫోన్లో ఫోటో తీసి, డబ్బు తీసుకున్న ఇంజనీరుకు పంపి, ఆయన సరే అన్నాకే కాంక్రీటు పోయించాలి. “అన్నా, మా దిక్కు భూకంపం ఎప్పుడొచ్చింది?” అని మేస్త్రి అంటాడు. కిల్లారివాళ్లు కూడా 1992కు ముందు అదే అనేవాళ్లని ఆయనకు చెప్పండి.

ఇప్పటికే కట్టేసినవాటిలో మొదట చూడాల్సినవి బడులు, ఆసుపత్రులు. అద్దె భవనాల్లో, కింద దుకాణాలు పైన వార్డులు పెట్టి నడుస్తున్న ఆసుపత్రులు మన పట్టణాల్లో చాలా ఉన్నాయి. గాయపడ్డవాళ్లను తీసుకెళ్లాల్సిన చోటే ముందు పడిపోతే ఇక ఎక్కడికి పోతాం? ఈ సర్వే మున్సిపాలిటీ చేయాలి, మనం అడగాలి. పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్లకు కూలగొట్టనక్కర్లేని దారి ఉంది. కింది అంతస్తులో ఎంచుకున్న కొన్ని పిల్లర్ల మధ్య కాంక్రీటు గోడ గానీ ఇనుప అడ్డకట్టు గానీ వేయించవచ్చు, బలహీనమైన పిల్లర్లకు చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీటు పోసి లావు చేయించవచ్చు. నాలుగైదు బండ్ల స్థలం పోతుంది, ఫ్లాటుకు ఇంత అని చందా వేసుకోవాలి. గోడ ఎక్కడ వేయాలన్నది మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరే చెప్పాలి. ఒక పక్కనే వేస్తే ఊపుకు భవనం మెలి తిరిగి, గోడ లేని వైపు పిల్లర్లు ముందు విరుగుతాయి.